ఎర్రపిల్లల కావలి

దమ్మపేట
ఏప్రిల్ నెలాఖరు

గౌరవనీయులైన బావగారు పగిడయ్య మాస్టారికి,

సంసోను నమస్కారాలు. ప్రభువు దయవల్ల మేమంతా కులాసా. మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను.

ఫోన్ చేయక ఈ ఉత్తరమేంటని నొసలు ముడిచి ఉంటారు. మీ ఊళ్లో సిగ్నల్ దొరకాలంటే గుట్టెక్కాలని మా కోడలు దుర్గ చెప్పింది. నాకేమో సర్వీసంతా బస్సు ఇంజను పక్కన కూర్చుని ఎడమచెవి వినపడటం మానేసింది. మీరు గుట్ట మీద, నేను వాకిట్లో నిలబడి అరుచుకుంటే చూసేవాళ్లు వియ్యంకులు తన్నుకుంటున్నారనుకుంటారు. మా వాడి పెళ్లి రోజు రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద మనిద్దరం చెరోవైపు మొహాలు తిప్పుకున్నది చాలదా? చర్ల బస్సు డ్రైవరు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. ఉత్తరం చర్లలో ఆటో మోతీకి ఇస్తాడు, మోతీ మీకు తెచ్చిస్తాడు. జవాబు కూడా అదే దారిన పంపండి.

అసలు సంగతికి వస్తాను. మీ ఊరి పెద్దలు ఒప్పుకున్నారని దుర్గ చెప్పింది. పురుడు భద్రాచలం దవాఖానాలో అయ్యాక, బిడ్డనెత్తుకుని పుట్టింటికి రావచ్చన్నారట. ఆ మాట చెప్పేటప్పుడు కోడలి మొహం మీరు చూడాల్సింది. పెళ్లయి రెండేళ్లయింది, ఆ పిల్ల అంత గట్టిగా నవ్వగా నేను వినలేదు. మా ఇంటావిడ విశ్రాంతమ్మ అయితే అప్పుడే పసిబిడ్డ గుడ్డలు ఉతికి ఆరేస్తోంది.

మీకు చేపల మీద ఆసక్తి ఉందా బావగారూ? నాకు గాలం పిచ్చి. బస్సు తోలేరోజుల్లో కూడా నైట్ హాల్ట్ పడితే ముందు ఆ ఊరి చెరువెక్కడో కనుక్కునేవాణ్ణి. ఇప్పుడు రిటైరయ్యాక ఏముంది, రోజంతా నాదే. కానీ ఇక్కడి చెరువుల్లో గాలం వేస్తే జిలేబీ చేపలే. ముల్లు ఎక్కువ, రుచి తక్కువ. మీ అడవి వైపు వాగుల్లో కొర్రమీను ఇప్పటికీ ఉందంటారు. నిజమేనా?

ఇట్లు,
మీ సంసోను

*

నల్లమడుగు గూడెం, చర్ల మండలం
మే మొదటివారం

సంసోను బావగారికి, పగిడయ్య వ్రాయునది.

మీ ఉత్తరం అందింది. చదువుతుంటే ఎర్రపెన్ను కోసం చెయ్యి జేబులోకి పోయింది. ఆశ్రమ పాఠశాల నుంచి రిటైరైనా ఆ జబ్బు పోలేదు. మీ ఉత్తరమని గుర్తొచ్చి దిద్దకుండా వదిలేశాను.

పెద్దలు ఒప్పుకున్న మాట నిజమే. ఎంత తిరిగితే ఒప్పుకున్నారో మీకు తెలియదు. దుర్గకు మాటలు రాకముందే దాని తల్లి పోయింది. దాన్ని పెంచింది మా పక్కింటి గంగక్క. మా వంశం కాదు, చుట్టం కాదు. తన పిల్లలతో పాటు దీన్నీ ఒళ్లో వేసుకుని పెంచింది. నర్సు చదువుకి పంపేటప్పుడు చర్ల దాకా నడిచొచ్చి బస్సెక్కించింది. అలాంటి మనిషికి ఒక్కమాట చెప్పకుండా దుర్గ పెళ్లి చేసుకుంది. మీరు వేరే మతం వాళ్లని ఊరు కోపగించుకుంది, అది కొన్నాళ్లకు చల్లారింది. గంగక్క కోపం వేరు. నన్నడగలేదే అన్నది ఆమె బాధ. ఇప్పుడు ఆమె ఊరి పెద్దల్లో ఒకరు. "రానీ" అని ఆమె అన్నాకే మిగతావాళ్లు తలూపారు. అన్నది కూడా ఆ ఒక్క మాటే, లేచి వెళ్లిపోయింది.

కొర్రమీను సంగతి అడిగారు. ఉంది. మా ఊరి వెనక వాగు ఒక బండ కింద మలుపు తిరుగుతుంది, అక్కడ మండువేసవిలో కూడా నీళ్లు ఎండవు. అదే నల్లమడుగు. అందులో మోచేతి నుంచి వేళ్ల చివరిదాకా పొడవున్న కొర్రమీనులున్నాయి. పైకొచ్చి గాలి మింగి, తోక కొట్టి కిందికి పోతే ఆ చప్పుడు మా అరుగు మీదికి వినిపిస్తుంది. మీ చెరువుల్లో జిలేబీలు పట్టుకుంటూ ఊహించుకోండి.

దుర్గకు నీళ్లు కాచి తాగమని చెప్పండి.

పగిడయ్య

*

భద్రాచలం, మా వాడి ఇల్లు
మృగశిర కార్తె మర్నాడు

బావగారూ,

కూర్చుని చదవండి. మీకు చెప్పకుండా మీ ఊరొచ్చి వెళ్లాను!

మీరు ఊరించి ఊరించి రాశారు కదా, ఆగలేకపోయాను. మృగశిరకి ప్రతి ఇంట్లో చేపలు వండుతారు, నా కోడలికి తన పుట్టింటి కొర్రమీను పెట్టాలనిపించింది. కడుపుతో ఉన్నదానికి అంతకంటే బలమేముంది? వానలు కూడా ఈసారి ముందే పడి వాగు కదిలింది. గాలం కర్ర కట్టుకుని మోతీ ఆటోలో దిగాను. మీ ఇంటికి గొళ్లెం. దుమ్ముగూడెంలో ఎవరో పోతే వెళ్లారట. ఊళ్లో పెద్దవాళ్లంతా పోడు చేలల్లో ఉన్నారు. ఒక ముసలాయన అరుగు మీద నిద్రపోతుంటే లేపడం ఎందుకని నేరుగా మడుగు దగ్గరికి పోయాను.

ఏం మడుగు బావగారూ! నీళ్ల మీద ఒకచోట ఎర్రకారం చల్లినట్టు ఇంత మేర కదులుతోంది. దగ్గరికెళ్లి చూస్తే బుల్లి బుల్లి చేపపిల్లలు, వందలకొద్దీ, అన్నీ ఒక ముద్దగా. చిన్న కప్పను గాలానికి గుచ్చి ఆ ఎరుపు మధ్యలో వేశాను. పడీ పడగానే కింద నుంచి లేచింది చూడండి, కర్ర విరుగుతుందనుకున్నాను. దాన్ని ఒడ్డుకు లాగి ఇంకో కప్ప వేస్తే దాని జత కూడా వచ్చి పట్టుకుంది. నా జన్మలో అరగంటలో రెండు అలాంటివి పట్టలేదు. తడిగోనెలో చుట్టుకుని సాయంత్రానికి భద్రాచలం వచ్చేశాను.

విశ్రాంతమ్మ పులుసు పెట్టింది. దుర్గ రెండు ముద్దలు తిని, "ఎక్కడివి మామయ్యా?" అంది. మీ నల్లమడుగువే అని గొప్పగా చెప్పాను. కంచం పక్కన పెట్టేసి లేచిపోయింది. నెలలు నిండుతున్నాయి కదా, వాసన పడలేదేమో. మిగతాది మా వాడు బెంజమినూ నేనూ లాగించాం.

ఈసారి మీరుండగా వస్తాను. కలిసి వేద్దాం గాలం.

మీ సంసోను

*

నల్లమడుగు గూడెం
జూన్ రెండోవారం

సంసోను గారికి,

మీ ఉత్తరం కంటే ముందే సంగతి నాకు తెలిసింది. నేను దుమ్ముగూడెం నుంచి వచ్చేసరికి ఊరంతా మడుగు ఒడ్డున నిలబడి ఉంది. ఎర్రపిల్లలు నీళ్ల మీద తిరుగుతున్నాయి. వాటి కింద ఎవరూ లేరు. కొంగలు అప్పటికే దిగాయి.

మీరు గాలం వేసే మనిషి కనుక మీకు ఇది తెలిసే ఉండాలి. పిల్లలు గుడ్డులోంచి వచ్చాక, వాటి ఎరుపు పోయి నలుపు తిరిగేదాకా కొర్రమీను ఆడదీ మగదీ వాటిని వదిలి కదలవు. మీరు వేసిన కప్పను అవి ఆకలితో పట్టుకోలేదు. తమ పిల్లల మీదికి ఎవరో వచ్చారని కొరికాయి. అవి మీ నేర్పుకి చిక్కలేదు.

మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. ఎర్రపిల్లలు కనిపించిన నాటి నుంచి నల్లబడేదాకా ఆ మడుగులో ఎవరూ గాలం వేయరు, వల వేయరు. ఎవరైనా తెలిసో తెలియకో తల్లిచేపను పడితే, ఆ మనిషే వచ్చి తల్లి చేసే పని చేయాలి. తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా మడుగు దగ్గర కూర్చుని పిల్లలకు కావలి కాయాలి. అవి నల్లబడి తలోదారి పోయాకే లేవాలి. అలా చేయకపోతే ఆ ఇంటివాళ్లెవరూ మా పొలిమేర దాటి లోపలికి రాకూడదు.

ఆ ఇంటివాళ్లంటే మీరు. మీ కొడుకు. మీ కోడలు. పుట్టబోయే బిడ్డ.

నిన్న పెద్దలు కూర్చుని ఇదే చెప్పారు. గంగక్క నా వైపు చూడలేదు. ఈ కట్టుబాటు నేను మీకు ముందే రాయాల్సింది. చేపల గురించి గొప్పలు రాశాను, ఇది రాయలేదు. మీరెప్పుడైనా మా ఊరు వస్తారని నేననుకోలేదు. మన మధ్య అంత దూరం ఉన్న మాట నిజం.

పగిడయ్య

*

దమ్మపేట
ఆ వారమే, శనివారం

మాస్టారు గారికి,

మీ ఉత్తరం చదివాను. నాకు ఒళ్లు మండింది, దాచుకోను.

రెండు చేపలు సార్! ఉమ్మడి ఖమ్మం జిల్లాలో నేను గాలం వేయని చెరువు లేదు. ఎవరూ నన్ను దొంగని చూసినట్టు చూడలేదు. నా కోడలికి పెట్టుకోవాలని ప్రేమగా పట్టుకొచ్చిన దానికి ఇంత శిక్షా? తెలియక చేసిన పనికి పసిబిడ్డను ఊళ్లోకి రానివ్వరా? నాకు మోకాళ్ల నొప్పులు, రోజంతా వాగు ఒడ్డున కూర్చునే వయసు కాదు. కావాలంటే కూలి ఇచ్చి ఒక మనిషిని పెడతాను. మడుగు మీద వల కప్పిస్తాను, కొంగ కాదు కదా ఈగ కూడా వాలదు. ఇంకోమాట, మేం ప్రార్థన చేసుకునే వాళ్లం. అక్కడ కోడిని కోయమనో, దణ్ణం పెట్టమనో అంటే నావల్ల కాదు.

ఇంతవరకు పొద్దున రాశాను. ఉత్తరం బస్సులో వేద్దామని పోయి, వేయకుండా ఆ బస్సే ఎక్కి భద్రాచలం వెళ్లాను.

దుర్గ నన్ను ఒక్కమాట అనలేదు బావగారూ. అన్నా బాగుండేది. మంచం కింద ఒక సంచి సర్దిపెట్టుకుని ఉంది. బిడ్డను తీసుకుని పుట్టింటికి పోవడానికి. అందులో గంగక్కకు ఒక చీర కొని పెట్టింది. ఆ సంచిలోంచి గుడ్డలు ఒక్కొక్కటే తీసి మళ్లీ బీరువాలో పెడుతోంది. "ఎందుకమ్మా?" అన్నాను. "ఇప్పుడు పనిలేదు కదా మామయ్యా" అంది. అంతే.

కోడలికి తోడుగా అక్కడే ఉంటున్న విశ్రాంతమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "ఆ పులుసు నా చేత్తో పెట్టాను, నువ్వు పోకపోతే నేను పోయి కూర్చుంటా" అంది.

వస్తున్నాను. ఏం తెచ్చుకోవాలో రాయండి.

సంసోను

*

నల్లమడుగు గూడెం
జూన్ మూడోవారం

బావగారికి,

గొడుగు, చెప్పులు కాక బూట్లు, మోకాళ్ల మందు తెచ్చుకోండి. కోడి లేదు, దణ్ణం లేదు. మీ దేవుణ్ణి మీరు తలుచుకోవచ్చు, ఎవరూ వద్దనరు. కూలి మనిషిని ఒప్పుకోరు. వల కప్పితే పిల్లలు పైకొచ్చి గాలి తీసుకునేటప్పుడు చిక్కుకుంటాయి, అదీ కుదరదు. మీరొచ్చేదాకా మీ బావనని నన్ను కూర్చోనిచ్చారు. కొంగలు కొన్నిటిని ఎత్తుకుపోయాయి, చాలానే మిగిలాయి.

ఒడ్డున తాటాకు పందిరి వేయించాను. ఇంటి తాళం మోతీ దగ్గర ఉంటుంది. మీరు రాగానే నేను భద్రాచలం వెళతాను. పెద్దదిక్కుగా ఒకరు ఇక్కడుంటే ఒకరు అక్కడుండాలి కదా. మీ చెల్లెమ్మ ఉంటే ఆమె వెళ్లేది.

కుండలో బియ్యం ఉన్నాయి. పిల్లికి పాలు పోయడం మరిచిపోకండి.

పగిడయ్య

*

నల్లమడుగు ఒడ్డు
జూన్ ఆఖరు

బావగారూ,

మీ పిల్లి నన్ను యజమానిగా ఒప్పుకోలేదు. మీ కుర్చీ ఎక్కి కూర్చుని నన్ను గడప దగ్గరే నిలబెడుతోంది.

కావలి పని తేలికనుకున్నాను. ప్యాసింజర్లు లేని బస్సు తోలినంత హాయిగా ఉంటుందని వచ్చాను. మొదటిరోజు మధ్యాహ్నం కాస్త కునుకు పట్టిందో లేదో లకుముకి పిట్ట ఒకటి బాణంలా దిగి నా కళ్లముందే ఒకదాన్ని ఎత్తుకుపోయింది. బూటు విసిరాను. బూటు మడుగులో పడింది. ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్లు నవ్విన నవ్వు ఇంకా నా మంచి చెవిలో ఉంది. బురదపాము ఒకటి సాయంత్రం పూట వస్తుంది, దానికి కర్ర చూపిస్తే చాలు. పెద్ద జెల్లలు కింద నుంచి వస్తే ఏం చేయాలో తెలియక, నీళ్లలోకి దిగి నిలబడటం మొదలుపెట్టాను. నా కాళ్ల చుట్టూ తిరుగుతున్నాయి పిల్లలు. నీడనుకుంటున్నాయో, మరేమనుకుంటున్నాయో.

నా జీవితమంతా నీళ్ల పైనుంచి కింద ఏముందా అని చూశాను. ఏది మింగుతుంది, ఎప్పుడు లాగాలి, అంతే. పిల్లలు పైకొచ్చి ఒకేసారి గాలి మింగితే నీళ్ల మీద చిన్న చినుకులు పడినట్టుంటుందని ఇప్పుడే చూశాను. ఎండెక్కితే ముద్దగా నీడకు పోతాయి. వాన పడితే చెదిరిపోయి, అమ్మ ఎక్కడుందన్నట్టు గుండ్రంగా తిరుగుతాయి. అప్పుడు చూడలేను బావగారూ. మొన్నటి వానకు ఒక్కణ్ణే గట్టిగా ఏడ్చాను. పులుసు రుచి గుర్తొచ్చి ఏడ్చాను.

గంగక్క రోజూ ఇటే చేనికి పోతుంది. నన్ను చూడదు. నేను లేచి నిలబడితే పక్కకు తిరిగి పోతుంది. నిన్న మాత్రం ఆగి నీళ్ల వైపు చూసి, "అట్ల నిలబడితే నీ నీడ ఆటి మీద పడదు. తూర్పు పక్కకు జరుగు" అంది. అంతే. జరిగాను.

దుర్గ ఎలా ఉంది?

సంసోను

*

భద్రాచలం
జులై మొదటివారం

బావగారికి,

దుర్గకు కాళ్లు వాచాయి. బీపీ ఎక్కువుందని, నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి రావచ్చని డాక్టరమ్మ అంది. గోదావరి పెరుగుతోంది. కరకట్ట మీద జనం నిలబడి చూస్తున్నారు. మీరు కంగారు పడి లేచి రావద్దు, ఇక్కడ నేనున్నాను.

మీ ఇంట్లో ఇన్నాళ్లు ఉంటానని ఎప్పుడూ అనుకోలేదు. నా చెల్లెలు కాని చెల్లెలు, అదే, మీ ఇంటావిడ, నాకు పొద్దున్నే చక్కెర లేని టీ పెట్టి, తర్వాత కూర్చుని ప్రార్థన చేస్తుంది. దుర్గ పేరు, బెంజమిన్ పేరు, మీ మోకాళ్లు, చివర్లో నా పేరు. నన్నెందుకు కలిపావమ్మా అన్నాను. "ఇంటి మనుషులందరికీ చేస్తానన్నయ్యా" అంది. ఎర్రపిల్లల కోసం కూడా చేస్తోంది, మీకు తెలుసా?

బెంజమిన్ డిపో నుంచి వచ్చి నా పక్కన కూర్చుంటాడు. రెండేళ్లలో ఆ పిల్లవాడితో నేను మాట్లాడింది లేదు. నిన్న వాడే మొదలుపెట్టాడు. దుర్గ రోజూ కిటికీ దగ్గర కూర్చుని చర్ల బస్సు వచ్చే వేళకి చూస్తుందట, మీ ఉత్తరం కోసం. మీ ఉత్తరాలు నేను చదివి వినిపిస్తున్నాను. బూటు సంగతికి నవ్వింది. గంగక్క మీతో మాట్లాడిందని చదవగానే, మళ్లీ చదవమంది.

పిల్లల రంగు రాయండి. ఇంట్లో అందరూ అదే అడుగుతున్నారు.

పగిడయ్య

*

నల్లమడుగు ఒడ్డు
జులై రెండోవారం

బావగారూ,

వీపు మీద నల్లటి గీత పడింది! పొట్ట వైపు ఇంకా ఎరుపే. ఇంకొన్ని రోజులు పడుతుందని ఊళ్లోవాళ్లంటున్నారు.

వాగు పొంగింది. మడుగులోంచి వాగు బయటికి పోయే సందు దగ్గర నీళ్లు జోరుగా పోతుంటే పిల్లలు కొట్టుకుపోతాయని భయపడి ముళ్లకంప నరికి అడ్డం వేశాను. చేతులు గీరుకుపోయాయి. ఒక్కణ్ణే లాగుతుంటే చేనికి పోయేవాళ్లు ఆగి తలో కొమ్మా పట్టారు. పని అయ్యాక ఒకాయన బీడీ ఇచ్చాడు. నేను బీడీ తాగను, అయినా తాగాను.

ఇప్పుడు నా భయమంతా ఒకటే. ఇవి నల్లబడకముందే అక్కడ కాన్పు వస్తే? నా మొదటి మనవడో మనవరాలో పుట్టినప్పుడు నేను చేపపిల్లల దగ్గర నిలబడి ఉంటాను. తెలిసిన వాళ్లు నవ్వుతారు. కానీ నేను లేచి వస్తే ఆ బిడ్డ మీ ఊరు రాదు. దుర్గ సంచి మళ్లీ సర్దదు. అందుకని నేను లేవను. మీరే ఎత్తుకోండి ముందు.

సంసోను

*

భద్రాచలం
జులై మూడోవారం

బావా,

ఆడపిల్ల. నిన్న మధ్యాహ్నం ఆపరేషన్ చేసి తీశారు. దుర్గ బాగుంది. పిల్ల బరువు తక్కువని గాజుపెట్టెలో పెట్టారు. ఊపిరి తీసుకోవడానికి కష్టపడుతోంది, రెండు మూడు రోజులు గడిస్తే గానీ చెప్పలేమంటున్నారు. నీకు అబద్ధం రాయను.

బెంజమిన్ గాజుపెట్టె దగ్గర నుంచి కదలడం లేదు. విశ్రాంతమ్మ వరండాలో మోకాళ్ల మీద ఉంది. దుర్గ కళ్లు తెరవగానే పిల్లను అడిగింది, తర్వాత నిన్ను అడిగింది.

దారి ఇవాళ్టికి తెరిచే ఉంది. గోదావరి ఇంకా పెరిగితే రేపో ఎల్లుండో మూస్తారు. రమ్మని నేను రాయలేను, వద్దని కూడా రాయలేను. నువ్వు వస్తే ఊరికి నేను జవాబు చెప్పుకుంటాను. నువ్వెలా చేసినా నాకు కోపం లేదు.

పగిడయ్య

*

నల్లమడుగు ఒడ్డు
అదే రోజు

బావా,

నీ ఉత్తరం తెచ్చిన మోతీ అరుగు దగ్గర ఆటో పెట్టుకుని ఉన్నాడు. మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే దిద్దుకో.

ఉత్తరం చదివి నీళ్లలోనే కూర్చుండిపోయాను. మోతీయే ఊళ్లోకి పోయి చెప్పినట్టున్నాడు. కాసేపటికి గంగక్క వచ్చింది. చేతిలో కొడవలి, నెత్తిన గోనె కప్పుకుని. ఒడ్డున గోనె పరుచుకుని కూర్చుంది. "పిల్ల ఎట్లున్నది?" అంది. చెప్పాను. కొడవలి పక్కన పెట్టింది. తర్వాత, "నువ్వు పో. ఇక్కడ నేనున్న" అంది.

నేను కదల్లేదు. "కావలి నాది కదమ్మా, వేరేవాళ్లు కూర్చోకూడదన్నారు" అన్నాను. "ఏంది, నాకు నేర్పుతున్నవా? పో అంటే పో. జల్దీ పో, దారి మూసేస్తరు" అని కసిరింది. చుట్టూ చేరినవాళ్లతో కోయభాషలో ఏదో అంది. వాళ్లంతా తలలూపారు. ఒకామె కళ్లు తుడుచుకుంది. నాకేమీ అర్థం కాలేదు.

ఇప్పుడు ఆమె అటు చివర, నేను ఇటు చివర కూర్చున్నాం. నా ప్రాణమంతా అక్కడ గాజుపెట్టె దగ్గరుంది బావా. కానీ ఒకసారి అడగకుండా చేసి చూశాను. ఈ ఊళ్లో ఇంకోసారి అడగకుండా ఒక్క అడుగు వేయను. ఇది నన్ను పరీక్షించడమా? జాలిపడి అందా? నేను లేస్తే కట్టుబాటు తప్పినట్టేనా? దుర్గకు, పిల్లకు దారి మూసుకుపోతుందంటే మాత్రం నేను లేవను. ఆ పిల్లను చూడకుండా పోగొట్టుకున్నా సరే, లేవను. ఇది రాయడానికి గుండె రాయి చేసుకున్నాను.

మోతీని నీ దగ్గరికే నేరుగా పంపుతున్నాను. జవాబు వాడి చేతికే ఇవ్వు.

సంసోను

*

భద్రాచలం, దవాఖానా వరండా
సాయంత్రం

బావా,

ముందు పిల్ల సంగతి. మధ్యాహ్నం నుంచి ఊపిరి తేలికపడింది. డాక్టరమ్మ మొదటిసారి నవ్వు మొహంతో మాట్లాడింది. గండం గడిచిందని ఇంకా అనలేదు.

ఇక నువ్వడిగింది. గంగక్క పరీక్ష పెట్టలేదు, జాలి కూడా పడలేదు. మా ఊళ్లో కావలి మనిషి లేవాల్సి వస్తే అతని బదులు బావ కూర్చోవచ్చు, లేదా తోడబుట్టినవాళ్లు కూర్చోవచ్చు. ఇంకెవరికీ ఆ హక్కు లేదు. కూలి మనిషిని ఒప్పుకోనిది అందుకే. బావనైన నేను ఇక్కడున్నాను, నీకు అక్కడ తోబుట్టువులెవరూ లేరు కనుక ఇది నీకు రాయాల్సిన పని పడలేదు. గంగక్క అందరి ముందూ గోనె పరుచుకుని కూర్చుందంటే, నువ్వు తనకు తమ్ముడివని ఊరికి చెప్పింది. కోయభాషలో అన్నది కూడా అదే అయి ఉంటుంది. ఆమెకు నువ్వు తమ్ముడివైతే బెంజమిన్ మేనల్లుడు, దుర్గ ఎలాగూ తను పెంచిన బిడ్డే. ఇక ఆ పొలిమేర దగ్గర వాళ్లను ఆపేవాళ్లెవరు?

నీ ఉత్తరం దుర్గకు చదివి వినిపించాను. గంగక్క గోనె పరుచుకున్న చోటికి వచ్చేసరికి నేను కళ్లద్దాలు తీసేశాను. బెంజమిన్ తీసుకుని మిగతాది చదివాడు. దుర్గ కుట్ల నొప్పితో ఏడవలేక, దిండులో మొహం పెట్టుకుని, "అమ్మ కూర్చుందా? నిజంగా అమ్మే కూర్చుందా?" అని అడుగుతూనే ఉంది. గంగక్కను అది అమ్మా అని పిలిచి రెండేళ్లయింది.

కరకట్ట దగ్గర రేపు మధ్యాహ్నం దాకా బండ్లను వదులుతామంటున్నారు. మోతీని వెంటనే వెనక్కి పంపుతున్నాను, అదే ఆటోలో తెల్లవారగానే బయల్దేరు. మడుగు గురించి ఆలోచించకు, ఆమె ఉంది. లేచేముందు మాత్రం ఆమె దగ్గరికి వెళ్లి, "పోయొస్తా అక్కా" అని చెప్పి రా.

పగిడయ్య